పెద్దకొడుకు వాటా

రాయలసీమ పల్లెలో పెద్దకొడుకుగా పుట్టినవాడికి నాయన నుంచి మూడు సంక్రమిస్తాయి: చేను, అప్పు, పగ. చేనులో తమ్ముళ్లకూ భాగముంటుంది. అప్పు మాత్రం చాలా ఇళ్లలో పెద్దోడి నెత్తికే చుట్టుకుంటుంది. ఇక పగ సంగతి కర్నూలు, కడప ఫ్యాక్షన్ ఊళ్లవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. నాయన పాడె లేవకముందే ఊరంతా పెద్దకొడుకు ముఖం వైపు చూస్తుంది, వీడేం చేస్తాడోనని.

బైబిల్లోని జ్యేష్ఠత్వాన్ని ఈ సీమలో కూర్చుని చదివితే ఆ మూడూ కనిపిస్తాయి.

చర్చిలో ఎక్కువగా వినిపించేది ఏశావు కథ. వేట నుంచి ఆకలితో వచ్చి, ఒక్కపూట కూటికి జ్యేష్ఠత్వాన్ని తమ్ముడు యాకోబుకు అమ్ముకున్నాడు. కరువు సీమవాళ్లం అతన్ని చూసి తేలిగ్గా నవ్వకూడదు. చెనక్కాయ ఎండిపోయిన ఏడు, కేసీ కాలువ కింది మడిని వచ్చిన ధరకు రాసిచ్చినవాళ్లు మన మధ్యనే ఉన్నారు. ఆకలి తప్పు కాదు. గ్రంథం తప్పుపట్టింది అతని నిర్లక్ష్యాన్ని. కడుపు నిండాక కూడా పోయిందేమిటో తలచుకోలేదు. మనసు కుదురుగా లేని పూట తిరిగిరాని సంతకం పెట్టకపోవడం ఎవరైనా అలవాటు చేసుకోవలసిన గుణం.

ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయంలో జ్యేష్ఠునికి రెండు పాళ్లు ఇమ్మని ఉంది. ఇష్టంలేని భార్యకు పుట్టినా సరే, మొదటివాడి హక్కును తండ్రి మార్చకూడదు. తల్లినీ పెళ్లికాని చెల్లెళ్లనూ చూసుకోవలసింది అతనే కాబట్టి రెండు పాళ్లు అని వ్యాఖ్యాతలు చెబుతారు. మన పెద్దకొడుకులు ఆ బరువు మోస్తూనే ఉన్నారు, రెండో పాలు లేకుండా.

విచిత్రమేమంటే, చట్టం అలా రాసిన గ్రంథమే కథల్లో వరసను పదేపదే దాటేసింది. ఇష్మాయేలును కాదని ఇస్సాకు, మనష్షేను కాదని ఎఫ్రాయిము. అన్నలందరినీ పక్కనపెట్టి గొర్రెలు కాసుకునే దావీదు. యాకోబు పెద్దకొడుకు రూబేను తండ్రి పడకను అపవిత్రం చేసి జ్యేష్ఠత్వం పోగొట్టుకున్నాడని దినవృత్తాంతాల మొదటి గ్రంథం చెబుతుంది. అది దక్కింది యోసేపు కొడుకులకు. యోసేపు పన్నెండుమందిలో పదకొండోవాడు.

నా దృష్టిలో ఈ కథలన్నిటికీ గుండెకాయ యోసేపే. పండిన ఏడేళ్లలో పంటలో ఐదోవంతు కొట్లలో పోయించాడు, కరువు ఏడేళ్లలో వాటిని తెరిచాడు. తనను అమ్మేసిన అన్నలకూ గింజలు అందాయి. యాకోబు చనిపోగానే అన్నలకు వణుకు పుట్టింది: ముసలాయన పోయాడు, ఇక వీడు పగ తీర్చుకుంటాడని. ఫ్యాక్షన్ ఊరి లెక్క కూడా అదే కదా. యోసేపు వాళ్లను దగ్గరికి తీసి, మిమ్మల్నీ మీ పిల్లల్నీ నేనే పోషిస్తానన్నాడు. వంశానికి అప్పుడు పెద్దకొడుకెవరో తేలిపోయింది.

మన నేల మీద ఈ మాటలు ఎక్కువమంది చెవినపడ్డ కాలమూ కరువుదే. కడపలో 1822లోనే లండన్ మిషన్ మొదలైంది, ముత్యాలపాడు, నంద్యాల వైపు ఎస్‌పీజీ అనే మరో మిషన్ పనిచేసింది. అయితే 1876-78 ధాత కరువు తరువాతే మాలపల్లెల నుంచి వేలమంది క్రైస్తవంలోకి వచ్చారు. వాళ్లలో చాలామందికి పంచుకోవడానికి సెంటు భూమి లేదు. రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం క్రీస్తును అనేక సహోదరులలో జ్యేష్ఠుడని చెబుతూనే, తక్కినవాళ్లను ఆయనతోపాటు వారసులంటుంది. జీతగాళ్లుగా బతికినవాళ్లకు ఆ మాట ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు. చేను మాత్రం దానితో రాలేదు.

ఇంకొక పెద్దకొడుకున్నాడు, యేసు చెప్పిన కథలో తప్పిపోయిన కుమారుని అన్న. ఏళ్లతరబడి ఒళ్లొంచి పనిచేసి, తమ్ముడు తిరిగొచ్చిన రోజు లోపలికి రానని వాకిట్లో నిలబడ్డాడు. చేసినదంతా మనసులో లెక్క రాసుకుంటూ పోతే మంచి పెద్దకొడుకుకైనా చివరికి వాకిలే మిగులుతుంది. నాయనా, నీ కష్టం నిజమే, కానీ ఆ లెక్క చదవడానికి తమ్ముడు తిరిగొచ్చిన రోజే దొరికిందా?

ఇక ఆడపిల్లల మాట. బైబిల్లో సెలోపెహాదు అనే అతనికి కొడుకుల్లేరు. అతని అయిదుగురు కూతుళ్లు మోషే ముందు నిలబడి నాయన భూమి అడిగి సాధించుకున్నారు. మన 1925 భారత వారసత్వ చట్టం ఇంకా ముందుకెళ్లింది: క్రైస్తవుడు వీలునామా లేకుండా చనిపోతే భార్యకు మూడోవంతు, మిగతాది కొడుకులకూ కూతుళ్లకూ సమానం. అందులో పెద్దకొడుకుకు ప్రత్యేకం ఏమీ లేదు. అయినా రిజిస్ట్రార్ ఆఫీసుకు చెల్లెల్ని పిలిచేది చాలాసార్లు హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టడానికే. పెళ్లికి కట్నమిచ్చాం కదా అంటారు. ఆ మాట చట్టం ముందూ నిలవదు, సెలోపెహాదు కూతుళ్ల ముందూ నిలవదు.

మీ ఇంట్లో భాగాల రోజు వస్తే, పెద్దమనుషులను పిలవకముందే అప్పుల చిట్టా తీసి అందరి ముందూ చదవండి. అక్కచెల్లెళ్లను ఆ రోజే పిలవండి, సంతకాల రోజు దాకా ఆగొద్దు. నాయన మాట్లాడకుండా వదిలేసిన ఇల్లు ఏదైనా ఉంటే, ఆ ఇంటికి ముందుగా మీరే వెళ్లండి. వరసలో మీరు ఎన్నోవాళ్లైనా సరే.