ప్రశ్నలు - జవాబులు: నిద్రపోని లాప్‌టాప్

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. లాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్నాను. రాత్రి మూత మూసి పెడితే తెల్లారేసరికి బ్యాటరీ సగానికి పైగా దిగిపోతోంది. ఒక్కోసారి మూత తెరిస్తే వైఫై రాదు, రీస్టార్ట్ చేయాల్సిందే. పవర్ సేవింగ్ అంతా ఆపేస్తే గొడవ వదిలిపోతుందని సీనియర్లు అంటున్నారు. నాకేమో కెర్నెల్ కోడ్ చదివి సరిచేసి పంపాలని ఉంది సార్. నాలాంటివాడికి అయ్యే పనేనా?
- ఒక పాఠకుడు, కోయిలకుంట్ల

జవాబు: అయ్యే పనే. మీ సీనియర్ల మాట వింటే వైఫై ఇబ్బంది పోతుందేమో గానీ బ్యాటరీ ఇంకా తొందరగా దిగుతుంది. అంతకన్నా పెద్ద నష్టం, తప్పు ఎక్కడుందో చెప్పే ఆధారం కూడా దాంతోపాటే మాయమవడం. ఇలాంటి తప్పుల్లో ఎక్కువ భాగం నిద్రపుచ్చే కోడ్ సవ్యంగా సాగే దారిలో ఉండవని నా అభిప్రాయం. ఆ పని మధ్యలో చెడి వెనక్కి తిరిగే దారిలో ఉంటాయి. రాసినవాళ్లు, పరీక్షించినవాళ్లు ఆ దారిన నడిచి చూసి ఉండరు. ఇవి ఇప్పుడే ఎందుకు కనిపిస్తున్నాయంటే, పాత లాప్‌టాప్‌లలో మూత మూయగానే మెమరీకి తప్ప దాదాపు అన్నింటికీ కరెంటు ఆపే బాధ్యత ఫర్మ్‌వేర్‌ది. దాన్ని ఎస్3 అనేవారు. ఇప్పుడొస్తున్న చాలా మోడళ్లలో అది లేదు. వాటిలో ప్రాసెసర్ ఊరికే ఖాళీగా కూర్చుంటుంది. పరికరాలన్నీ విడివిడిగా నిద్రపోతేనే మొత్తం యంత్రం లోతైన నిద్రలోకి దిగుతుంది. ఒక్క డ్రైవర్ తన పరికరాన్ని మేలుకొలిపి ఉంచినా రాత్రంతా బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. అందుకే ఒకప్పుడు దాగిపోయిన డ్రైవర్ తప్పులు ఇప్పుడు బయటపడుతున్నాయి.

లినక్స్‌లో నిద్ర రెండు రకాలు. మూత మూసినప్పుడు యంత్రం మొత్తానికి వచ్చేది ఒకటి. యంత్రం నడుస్తుండగానే, పనిలేని పరికరం ఒక్కటే కునుకు తీసేది రెండోది. ఈ రెండోదానికి 2009 డిసెంబరులో వచ్చిన 2.6.32 కెర్నెల్‌లో రఫాయెల్ వైసోకీ అనే డెవలపర్ ఒక ఉమ్మడి పద్ధతి తెచ్చాడు. ప్రతి పరికరానికీ ఒక లెక్క ఉంటుంది. వాడుకునేవాళ్లు 'గెట్' అంటే ఒకటి పెరుగుతుంది, 'పుట్' అంటే ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే పరికరం పడుకోవచ్చు. చిక్కు ఎక్కడంటే, పరికరం లేవలేదని గెట్ ఎర్రర్ ఇచ్చినప్పుడు కూడా లెక్క పెరిగే ఉంటుంది. అంగట్లో సరుకు లేదని ఉత్త చేతులతో వచ్చినా పద్దులో అప్పు రాసి ఉన్నట్టన్నమాట. డ్రైవర్ రాసినవాళ్లు 'పని జరగలేదు కదా' అనుకుని పుట్ అనకుండానే వెనక్కి వచ్చేశారు. ఆ లెక్క ఇక సున్నాకి రాదు. 2020లో, విఫలమైతే లెక్కను తనే సరిచేసే కొత్త ఫంక్షన్‌ను కెర్నెల్‌లో చేర్చారు. ఆ తర్వాత ఇదే తప్పును దిద్దే ప్యాచ్‌లు కుప్పలుగా వచ్చాయి. ఒకే రకం పొరపాటు అంతమంది చేశారంటే వాళ్ల అజాగ్రత్తను తిట్టి లాభం లేదు, పాత 'గెట్' ఫంక్షన్ తీరే తప్పుదారి పట్టించింది. మూత మూసినప్పుడూ కథ ఇలాంటిదే. సస్పెండ్ మధ్యలో ఒక డ్రైవర్ ఎర్రర్ ఇస్తే, అప్పటికే పడుకున్న మిగతా పరికరాలను కెర్నెల్ తిరిగి లేపుతుంది. ఎర్రర్ ఇచ్చిన పరికరాన్ని మాత్రం లేపదు. తను సగం ఆపినదాన్ని ఆ డ్రైవరే మళ్లీ నడిపించుకోవాలి. అది మరిచిన డ్రైవర్ల దగ్గరే 'మూత తెరిస్తే వైఫై లేదు' లాంటి ఫిర్యాదులు పుడతాయి. ఈ జబ్బు కెర్నెల్‌కే పరిమితం కాదు. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ఫోన్ యాప్‌లను పరిశీలించినప్పుడు, ఫోన్‌ను మేలుకొలిపి ఉంచే తాళాన్ని మామూలు దారిలో విప్పి, ఏదో ఒక పక్కదారిలో విప్పడం మరిచిన యాప్‌లే వాళ్లకూ దొరికాయి.

మరి కెర్నెల్‌లోనే 'ఈ పరికరానికి పవర్ సేవింగ్ వద్దు' అనే జాబితాలున్నాయి కదా, సీనియర్ల సలహాలో తప్పేముంది అని మీరు అడగవచ్చు. జాబితాలు ఉన్న మాట నిజమే. యూఎస్‌బీలో హబ్‌లకు తప్ప మిగతా పరికరాలకు ఆటోసస్పెండ్‌ను (పైన చెప్పిన రెండో రకం నిద్రను) మొదటి నుంచే ఆపి ఉంచుతారు, పడుకుని లేవలేని పరికరాలు మార్కెట్‌లో అన్ని ఉన్నాయి మరి. అయితే 2017లో ఏం జరిగిందో చూడండి. 4.11 కెర్నెల్‌లో ఎన్‌వీఎంఈ డిస్కులు వాటంతటవే నిద్రపోయే ఏర్పాటు వచ్చాక, కొన్ని డెల్ లాప్‌టాప్‌లలోని ఒక సామ్‌సంగ్ డిస్కు లోతైన నిద్ర నుంచి లేవలేకపోయింది. డెవలపర్లు ఆ ఏర్పాటునే ఎత్తేయలేదు. ఆ డిస్కు ఆ మోడళ్లలో ఉంటే, అన్నిటికన్నా లోతైన స్థితి ఒక్కదాన్ని వద్దన్నారు. హార్డ్‌వేర్‌లోనే లోపముందని ఆధారం చూపించి, ఆ మేరకే ఇచ్చిన మినహాయింపు అది. మీ సీనియర్లది విచారణ లేని శిక్ష.

మొదట డ్రైవర్‌ను పట్టుకోవాలి. కెర్నెల్‌లో 'పీఎం టెస్ట్' అనే పరీక్ష ఉంది. దాన్ని 'డివైసెస్' స్థాయిలో పెట్టి సస్పెండ్ చేస్తే పరికరాలను మాత్రం పడుకోబెట్టి, 5 సెకన్లు ఆగి లేపుతుంది. అప్పుడే వైఫై పోతే ఫర్మ్‌వేర్ మీద నింద వేయక్కర్లేదు, డ్రైవర్‌నే అనుమానించండి. ఆ డ్రైవర్ ఫైలు తెరిచి సస్పెండ్ ఫంక్షన్‌లో ఎర్రర్‌తో బయటపడే ప్రతి చోటా, అప్పటిదాకా ఆపినవన్నీ తిరిగి నడుస్తున్నాయా లేదా కాగితం మీద రాసుకుంటూ చదవండి. మొత్తం యంత్రమే బిగుసుకుపోతే 'పీఎం ట్రేస్' ఉంది. అది ఆగిన చోటి గుర్తును గడియారం చిప్‌లో దాస్తుంది కాబట్టి తర్వాత తేదీ తలకిందులైతే కంగారుపడకండి.

ప్రశ్న: తప్పంతా తయారీ కంపెనీల ఫర్మ్‌వేర్‌దే అయినప్పుడు డ్రైవర్ రాసేవాళ్ల మీద పడటం న్యాయమా?
- ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: కొన్నిసార్లు మీరన్నదే నిజం. కానీ ముందే తేల్చేయకండి. ఫర్మ్‌వేర్ మారకుండా పాత కెర్నెల్‌లో పనిచేసినది కొత్తదాంట్లో చెడితే, అది కెర్నెల్ తప్పే. ఇదివరకు నడిచినదాన్ని చెడగొట్టకూడదని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఏళ్ల తరబడి పట్టుబడుతున్నాడు. రెండు విడుదలల మధ్య పద్నాలుగు పదిహేను వేల మార్పులుంటాయి. సగం సగం చేసుకుంటూ పోయే 'గిట్ బైసెక్ట్'తో సుమారు 14 సార్లు కంపైల్ చేస్తే తప్పు చేసిన మార్పు దొరుకుతుంది. మీ యంత్రానికి కావలసిన డ్రైవర్లే ఎంచుకునే 'లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' వాడితే సమయం చాలా తగ్గుతుంది (కరెంటు కోతలున్న రోజున మాత్రం మొదలుపెట్టకండి). పాత కెర్నెల్‌లోనూ ఇదే గొడవ ఉంటే, అదే మోడల్ ఇంకొకరి దగ్గర ఎలా నడుస్తోందో చూడండి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో తెలిసినవాళ్లుంటే అడగండి, ఒకే మోడల్ పలువురి దగ్గర దొరకవచ్చు. అన్నిట్లోనూ చెడితే కంపెనీకి రాయండి, కెర్నెల్‌కు ఆ మోడల్ పేరుతో మినహాయింపు ప్యాచ్ పంపండి. మీ ఒక్కరి దాంట్లోనే అయితే, కోడ్ ముట్టుకునే ముందు వైఫై కార్డు లాంటి ఆ భాగాన్ని మార్చి చూడటం చవక.