చిత్రలేఖనోపాధ్యాయుని తొలినాడు

విద్యారంభానికి మన సంప్రదాయాలు రెండూ ఒక పర్వాన్ని కల్పించినవి. హిందువుల ఇండ్లలో పళ్ళెంలో బియ్యం పోసి, బిడ్డ వ్రేలు పట్టి అక్షరం దిద్దిస్తారు. ముస్లిముల ఇండ్లలో నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు దినాల ప్రాయంలో బిస్మిల్లా జరిపించే ఆచారం ఉన్నది. తొలినాటి పాఠం జీవితాంతం నిలుస్తుందని పెద్దలు ఎరుగుదురు. చిత్రలేఖనానికి మాత్రం ఇట్టి శుభారంభం లేదు. క్రొత్త ఉపాధ్యాయుడు వచ్చి నల్లబల్లపై ఒక బొమ్మ వేసి, "దీనిని చూచి దింపండి" అనడంతోనే అది ఆరంభమైపోతుంది. ఆ ఒక్క గంటలో ఏమి పోగొట్టుకొనవచ్చునో మా అనుభవాన్నిబట్టి విన్నవించి, ఆ పాఠం ఎట్లుండవలెనో విచారించడమే ఈ వ్యాసోద్దేశం.

కోనసీమలో వృద్ధగౌతమీ తీరాన మురమళ్ళ గ్రామం ఉన్నది. భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామికి నిత్యకల్యాణం జరిగే క్షేత్రంగా అది ప్రసిద్ధం. చుట్టూ కొబ్బరితోటలు, వరిచేలు, కాలువలు. ఎటు చూచినా నేల సమతలమే. ఆ ఊరి పిల్లలకు చిత్రలేఖనం నేర్పడానికి మేము ప్రథమంగా వెళ్ళిననాడు, సులభంగా ఉంటుందని తలచి, బల్లపై రెండు కొండలు, వాటి నడుమ ఉదయిస్తున్న సూర్యుడు, క్రింద ఒక ఏరు, ఒక గుడిసె వేసినాము. పిల్లలందరూ వినయంగా దింపినారు. కొండ అన్నది కంటబడని ఊరిలో ప్రతి పలకమీదను రెండేసి కొండలు మొలచినవి. ఆ వింత ఆనాడు మాకు తట్టనే లేదు.

ఒక్క బాలుడు మాత్రం కొండలు వేయలేదు. మూడవ తరగతివాడు. కాగితం నడుమ గోదావరిని అడ్డంగా గీచి, అందులో ఒక పడవ నిలిపినాడు. నీటిలోని చేపలన్నీ పైకి కనబడుతున్నవి. ఆవలి గట్టున కొబ్బరిచెట్లు నిటారుగా ఉన్నవి. ఈవలి గట్టున ఉన్నవన్నీ తలక్రిందులుగా వ్రేలాడుతున్నవి. మేము నవ్వి, ఆ చెట్లను రబ్బరుతో తుడిచి, మా చేతితో నిలువుగా వేసి ఇచ్చినాము. వాడు మెల్లగా, "పడవలో నేనున్నానండి మేష్టారూ. ఆ గట్టు అటుంది, ఈ గట్టు ఇటుంది గదండీ" అన్నాడు. మాకు తొందర, గంట కొట్టబోతున్నారు. కాగితం తిరిగి ఇచ్చినాము గాని, వాడు పెన్సిలు ముట్టలేదు. తరువాతి వారం వాడి కాగితంపై కూడా రెండు కొండలే ఉన్నవి.

వాడి మాటలోని న్యాయం మాకు ఆలస్యంగా బోధపడినది. శిశుచిత్రాలను పరిశోధించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ప్రకటించిన గ్రంథంలో ఈ వికాసదశలను వివరించినాడు. రెండేండ్లు మొదలు నాలుగేండ్ల వరకు పిల్లలు పిచ్చిగీతలు గీస్తారు. నాలుగు మొదలు ఏడు వరకు ఆ గీతలకు మనుష్యరూపం పొడచూపుతుంది. ఏడు మొదలు తొమ్మిది వరకు ప్రతి వస్తువునకు తమదైన ఒక గుర్తును స్థిరపరచుకొంటారు. నేలకు క్రింద ఒక గీత, ఆకాశానికి పైన ఒక పట్టీ వేయడం ఆ దశ లక్షణమే. తాము నడుమ నిలిచి, ఇరువైపులా ఉన్నదానిని కాగితం మడత విప్పినట్లు పరచి చూపడం, లోపల ఉన్నదానిని పైకి కనబరచడం కూడా ఆ దశకు సహజమైనవే. ఇవి తప్పులు కావు. పెద్దలు కంటితో చూచినదానిని వేస్తారు. పిల్లలు తమకు తెలిసినదానిని వేస్తారు. మేము తుడిచివేసినది చెట్లను కాదు, ఆ బాలుని ఎరుకను.

వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ 1897లో బాలుర చిత్రకళాతరగతిని ప్రారంభించి, పిల్లల స్వతంత్రతను అడ్డగించరాదని చాటినాడు. అంత దూరం పోనక్కరలేదు. మన గోదావరీ తీరమే నిదర్శనం. 1909 నుండి 1919 వరకు రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. తమ చుట్టూ ఉన్న ప్రకృతిని, జనజీవనాన్ని చిత్రించమని ఆయన శిష్యులను ప్రోత్సహించినారు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆ ఆదరంలో పెరిగినవారే. కూల్డ్రే పూనికవల్లనే దామెర్ల బొంబాయి జె.జె. కళాశాలలో చదువగలిగినారు. తిరిగివచ్చి రాజమహేంద్రవరంలో చిత్రకళాశాలను నెలకొల్పి, 1925లో, 28 ఏండ్లు నిండకుండానే ఆయన అస్తమించినారు. మిత్రులు వరదా వెంకటరత్నం ఆ దీపం ఆరిపోకుండా కాపాడినారు. ఒక గురువు శిష్యుని కంటిని గౌరవించినందువలన ఒక ప్రాంతానికే చిత్రకళ అబ్బినది.

కావున తొలినాడు ఉపాధ్యాయుడు పాటింపదగిన క్రమం ఇట్లుండవలెనని మా అభిప్రాయం.

మొదటిది: బల్లపై బొమ్మ వేయరాదు. "మీలో ముగ్గు వేయగలవారెవరు?" అని అడుగవలెను. కోనసీమలో ఈ ప్రశ్నకు ఎన్నో చేతులు లేస్తవి. చుక్కలు పెట్టి, కొలత తప్పకుండా గీత కలిపే బిడ్డ 'నాకు బొమ్మలు రావు' అనడానికి వీలు లేదు. ఉర్దూ చదివే పిల్లలకు ఖుష్‌నవీసీని జ్ఞప్తి చేయవలెను. అందులోనూ కొలమానం చుక్కయే. కలంతో పెట్టిన నుఖ్తాలతోనే అలిఫ్ ఎత్తును కొలుస్తారు. ముగ్గు చుక్క, నుఖ్తా ప్రక్కప్రక్కన కూర్చున్న తరగతిలో ఎవరూ పరాయివారు కారు.

రెండవది: రంగులపెట్టె లేదని ఏ బిడ్డనూ వెనుకకు నెట్టరాదు. బొగ్గు నలుపు, సుద్ద తెలుపు, ఇటుకపొడి ఎరుపు, చిక్కుడాకు పసరు ఆకుపచ్చ. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎరుపు వస్తుందని ప్రతి ఇల్లాలికీ తెలుసును. ఆ మార్పును పిల్లల కండ్లయెదుట చేసి చూపితే అదే ఒక పాఠం.

మూడవది: పిల్లలను బయటికి తీసుకొనిపోయి కొంతసేపు ఊరక చూడనియ్యవలెను. కొబ్బరిచెట్టు నిజంగా నిటారుగా ఉన్నదా, కాలువవైపు వంగినదా? మట్టలు ఎట్లు వ్రేలాడుతున్నవి? చూచినదానిని వారే చెప్పవలెను. ఆ పిమ్మటనే కాగితం.

నాలుగవది, ముఖ్యమైనది: బిడ్డ కాగితంపై ఉపాధ్యాయుని చేయి పడరాదు. "ఇది ఏమిటి?" అనిగాక, "దీనిని గురించి నాకు చెప్పు" అని అడుగవలెను. చెప్పినదానిని పూర్తిగా వినవలెను. మార్కు వేయరాదు. ఒకరి బొమ్మను మరొకరి బొమ్మతో పోల్చరాదు.

ఈ కళాశాల విద్యార్థులలో పలువురు రేపటి ఉపాధ్యాయులు. ఏ పాఠశాలలో అడుగుపెట్టినా, వారి చేతిలో రబ్బరు ఉంటుంది. దానిని జేబులోనే ఉంచుకొనవలెనని మా విన్నపం. కళాశాల కార్యవర్గం వారు వారానికొక గంట చిత్రలేఖనానికి కేటాయించి, కొన్ని అట్టలు, కొంత కాగితం సమకూర్చినచో, విద్యార్థులు ఇచ్చటనే చిన్నపిల్లలతో ఈ అభ్యాసం చేయగలరు. ఖర్చు స్వల్పం.

ఆ బాలుని కాగితం మావద్ద లేదు. తలక్రిందులైన ఆ కొబ్బరిచెట్లు మాత్రం నేటికీ మా కండ్లయెదుట నిలిచియున్నవి. వాడు పడవలో ఉన్నాడు. మేము గట్టునే నిలిచిపోయినాము.