స్మృతి తప్పినను స్వామి మరువడు

మానవుని జీవితమంతయు స్మృతిపై ఆధారపడి యున్నది. నిన్నటి మాట నేడు గుర్తుండుటచేతనే వ్యవహారము సాగుచున్నది. తల్లి ముఖము బిడ్డకును, బిడ్డ ముఖము తల్లికిని గుర్తుండుటచేతనే సంసారము నిలుచుచున్నది. భగవన్నామమును జపించుటకు సైతము స్మృతియే ఆధారము. అట్టి స్మృతి వార్ధక్యములో క్రమక్రమముగా తొలగిపోయినచో ఆ మనిషి గతి యేమి? ఇంటివారి కర్తవ్యమేమి?

ఈ ప్రశ్న నేడు అనేక గృహములలో వినబడుచున్నది. నలుబది సంవత్సరములు వేకువనే సుప్రభాతము చదివిన తల్లి, ఒకనాడు కన్నకొడుకును చూచి "ఎవరు నాయనా నీవు?" అని యడుగును. పూజామందిరములో దీపము వెలిగించి, ఆ సంగతి మరచి, మరల అగ్గిపుల్ల గీయును. కొడుకు మొదట నవ్వును, పిమ్మట విసుగుకొనును, కొంతకాలమునకు లోలోపల భయపడును. ఆ భయములో రెండు సందేహములు గలవు. అమ్మకు ఏమగుచున్నది? జీవితాంతము స్మరించిన స్వామిని తుదిక్షణమున స్మరింపలేకపోయినచో ఆమె గతి యేమి? మొదటిదానికి వైద్యశాస్త్రమును, రెండవదానికి మన పెద్దలును సమాధానము చెప్పియున్నారు.

వ్యాధి స్వరూపము

వయసు మీరినవారికి పేర్లు వెంటనే స్ఫురింపకపోవుట, కళ్లజోడు ఎక్కడ పెట్టితిమో మరచుట సామాన్యము. కాని పుట్టి పెరిగిన వీధిలోనే దారి తప్పుట, చిల్లర లెక్క తెలియకపోవుట, ఇప్పుడే భుజించి అన్నము పెట్టలేదనుట సామాన్యమైన మరపు కాదు. నిత్యకృత్యములకు భంగము కలుగునంతగా మతి క్షీణించు ఈ స్థితిని వైద్యులు డిమెన్షియా అందురు. ఇది ఒకే వ్యాధి కాదు. మెదడును క్షీణింపజేయు పలు వ్యాధుల ఫలితము. నూటికి 60 నుండి 70 వరకు ఆల్జీమర్స్ వ్యాధివలన కలుగునవే. మెదడులోని రక్తనాళములు దెబ్బతినుటచే కలుగునది మరియొక రకము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో 5 కోట్ల 70 లక్షలమంది ఈ స్థితిలో నుండిరి. మన దేశమున 60 ఏండ్లు నిండినవారిలో సుమారు 88 లక్షలమంది, అనగా నూటికి ఏడుగురికి పైగా, దీనితో జీవించుచున్నారని 2023లో వెలువడిన ఒక అంచనా తెలుపుచున్నది.

థైరాయిడ్ లోపము, బి12 విటమిను కొరత, తీవ్రమైన మనోవ్యాకులత మున్నగువానివలన కూడ మతిమరుపు కలుగవచ్చును. అవి చికిత్సకు లొంగునట్టివి. కావున "ముసలితనమే గదా" యని ఊరకుండక ముందుగా వైద్యునికి చూపవలెను. ఆల్జీమర్స్ వంటి వ్యాధులను పూర్తిగా నయముచేయు మందు మాత్రము నేటికిని లేదు.

మరణమునకు దారి

"మరపుచేత మనిషి మరణించునా?" యని పలువురు అడుగుదురు. మెదడు జ్ఞాపకములను దాచు పెట్టె మాత్రమే కాదు. నడుచుట, నమలుట, మ్రింగుట, మలమూత్రములను అదుపులో నుంచుకొనుట, ఇవన్నియు దాని ఆజ్ఞచేతనే జరుగుచున్నవి. వ్యాధి ముదిరినకొలది ఈ శక్తులొక్కొక్కటిగా సన్నగిల్లును. మొదట పేర్లు, పిమ్మట మాటలు, ఆ తరువాత నడక, చివరకు మ్రింగుట. మ్రింగుట తప్పినప్పుడు అన్నపు మెతుకో, నీటి చుక్కయో ఊపిరితిత్తులలోనికి జారి న్యుమోనియా కలుగును. మంచము విడువలేనివారికి పడకపుండ్లు ఏర్పడి, వానినుండి విషము రక్తములోనికి వ్యాపించును. మూత్రనాళములలో చీము చేరుట, జారిపడి తుంటియెముక విరుగుట, ఆహారము తగ్గి దేహము శుష్కించుట, ఇవన్నియు ఆ దారిలోనివే. వ్యాధిని గుర్తించిన పిమ్మట పలువురు నాలుగు నుండి ఎనిమిదేండ్లు జీవింతురు. కొందరు అంతకు ఎక్కువకాలము కూడ జీవింతురు.

ఈ వ్యాధి చరిత్రయే ఇందుకు సాక్ష్యము. జర్మనీ దేశమున ఫ్రాంక్‌ఫర్ట్ నగరములో 1901లో ఆగస్టె డెటర్ అను 51 ఏండ్ల గృహిణిని ఆమె భర్త ఆసుపత్రిలో చేర్చెను. ఆమెను పరీక్షించిన వైద్యుడు అలోయిస్ ఆల్జీమర్. 1906లో ఆమె మరణించెను. న్యుమోనియాయు, పడకపుండ్లవలన రక్తము విషపూరితమగుటయు ఆమె మరణమునకు కారణములు. ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరిశీలించిన ఆల్జీమర్, అందులోని మార్పులను ఆ సంవత్సరమే వైద్యుల సభలో వివరించెను. 1910లో ఆయన పేరే వ్యాధికి స్థిరపడినది. నాడు ఆమెకు జరిగినదే నేటికిని అనేకులకు జరుగుచున్నది. మరణపత్రములో న్యుమోనియా యని వ్రాసినను, దానికి దారి చేసినది మెదడు వ్యాధియే. ఈ సంగతి తెలియనివారు "నేను సరిగా తినిపించలేదు గనుకనే అమ్మ పోయినది" అని జీవితాంతము తమను తాము నిందించుకొందురు. అట్లు నిందించుకొనవలసిన పనిలేదు.

ఇంటివారి వేదన

ఇతర వ్యాధులలో మనిషి పోయిన పిమ్మట దుఃఖము వచ్చును. ఇందులో మనిషి ఎదుట నుండగనే దుఃఖము ప్రారంభమగును. పేరుపెట్టి పిలిచిన నోరు మూగవోయినప్పుడొకసారి, ఊపిరి ఆగినప్పుడు మరొకసారి, ఇంటివారు ఆ తల్లిని రెండుమారులు పోగొట్టుకొందురు. రాత్రులు నిద్రయుండదు. "నా నగలు నీవే తీసితివి" యని కోడలిపై నింద పడును. ఈ సేవలో గడచు గంటలలో నూటికి 70 వంతులు స్త్రీలే భరించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన యిండ్లలో ఆ స్త్రీ కోడలో, కూతురో, తానును వృద్ధురాలైన భార్యయో అయి యుండును. నింద వేసినది అత్తగారు కాదు, వ్యాధి యని ఆమెకు తెలియజెప్పువారు లేకపోవుటయే పెద్ద కష్టము.

దీనికితోడు "ఏ జన్మలో ఏమి చేసినదో" యని చుట్టపక్కములు ఆడు మాట కలదు. కోపమువలన మోహమును, మోహమువలన స్మృతిభ్రంశమును కలుగునని గీత రెండవ అధ్యాయములో నున్నదని కొందరు దానికి ప్రమాణము చూపుదురు. అది సరికాదు. అచ్చట చెప్పబడిన స్మృతి శాస్త్రాచార్యుల ఉపదేశమువలన కలిగిన సంస్కారముల జ్ఞాపకమని శంకర భగవత్పాదులు తమ భాష్యములో వివరించిరి. విషయాసక్తునికి వివేకము తప్పుట వేరు. మెదడులోని కణములు నశించుట వేరు. ఎంతటి సాత్వికులకైనను ఈ వ్యాధి రావచ్చును. రోగిని దోషిగా చూచుట ధర్మము కాదు.

సేవ చేయు విధము

ఈ సేవకు ఓర్పుతోపాటు తెలివి కూడ కావలెను. రోగితో వాదింపరాదు. "నేనెవరో చెప్పుము చూతము" అని పరీక్షింపరాదు. "అమ్మా, నేను నీ పెద్దకొడుకును" అని మనమే చెప్పవలెను. వెనుకనుండి పిలువక ఎదుట నిలిచి, చేయి పట్టుకొని, చిన్నచిన్న మాటలతో మాటాడవలెను. స్నానము, భోజనము, నిద్ర నిత్యము ఒకే వేళకు జరుగవలెను. దారితప్పి పోవువారికి చిరునామాగల చీటిని దుస్తులకు కుట్టి యుంచవలెను. దీపము, పొయ్యి వారికి అందకుండ చూడవలెను.

తినిపించునప్పుడు పడుకొనబెట్టక నిటారుగా కూర్చుండబెట్టి, చిన్న ముద్దలుగా, మ్రింగినదాక ఆగి, పెట్టవలెను. నోటిని శుభ్రముగా నుంచవలెను. మంచము పట్టినవారిని రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. వ్యాధి తుదిదశలో ముక్కుగొట్టముద్వారా ఆహారము నెక్కించుటవలన ఆయుర్దాయము పెరుగుటలేదని వైద్యనిపుణులు చెప్పుచున్నారు. ఇష్టపడినంతమాత్రము చేతితో ప్రేమగా తినిపించుటయే మేలు. తుదిదశలో తమకు ఎట్టి చికిత్స వలయునో, వలదో ముందే వ్రాసియుంచు హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించి, 2023లో ఆ విధానమును సులభతరము గావించినది. మతి చక్కగా నున్ననాడే పెద్దలు ఈ విషయమును పిల్లలతో మాటాడుకొనుట మంచిది.

భారమంతయు ఒక్కరిపై వేయరాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు వంతులు వేసికొనవలెను. సేవచేయు కోడలికి వారమునకొకపూటయైనను విశ్రాంతి యీయవలెను. వృద్ధులకొరకు ఏర్పడిన ఎల్డర్‌లైన్ 14567కు ఫోను చేసినచో సలహా లభించును. తల్లి కన్నుమూసిననాడు "ఆమెకు బాధ తీరినది, మాకును విశ్రాంతి కలిగినది" అని మనసులో తోచినచో అది పాపము కాదు. అలసిన ప్రేమకు సహజమైన నిట్టూర్పు.

అంత్యస్మృతి

ఇక రెండవ సందేహము. అంత్యకాలమున తన్ను స్మరించువాడు తన్నే పొందునని శ్రీకృష్ణుడు గీత ఎనిమిదవ అధ్యాయములో సెలవిచ్చెను. మరి స్మరించు శక్తియే లేనివారి మాటయేమి? భక్తుల ఇండ్లలో కన్నీరు పెట్టించు ప్రశ్న యిది.

దీనికి ఉత్తరము వరాహ చరమశ్లోకములో నున్నది. భూదేవికి ఆదివరాహమూర్తి అనుగ్రహించిన అభయమిది. మనసు, దేహము స్వస్థముగా నున్న కాలమున తన్ను తలచినవాడు తుదకు కట్టెవలె, రాతివలె పడియున్నను, ఆ భక్తుని తానే స్మరించి పరమగతికి చేర్తునని స్వామి మాట యిచ్చెను. భక్తుని స్మృతి తప్పినచోట భగవంతుని స్మృతి ఆ పని చేయును. తిరుమలలో శ్రీనివాసుని దర్శనమునకు ముందు స్వామిపుష్కరిణి గట్టున వెలసిన వరాహస్వామిని సేవించుట సంప్రదాయము. అచ్చట చేతులు జోడించువారు ఈ అభయమును తలచుకొనవలెను.

అంతమాత్రమున మన కర్తవ్యము తీరదు. పాటల జ్ఞాపకము ఇతర జ్ఞాపకములకంటె తరచుగా ఎక్కువకాలము నిలుచునని వైద్యులే చెప్పుచున్నారు. కొడుకు పేరు మరచిన తల్లి సుప్రభాతము వినబడగానే పెదవులు కదుపవచ్చును. ఆ పెదవులు కదలిన నాడు మన గొంతు కలుపుదము. కదలని నాడు ఆమె ప్రక్కన కూర్చుండి మనమే చదువుదము. ఆమె మనలను మరచినను మనము ఆమెను మరువకుండుటయే పుత్రధర్మము. మరచినవారిని తాను మరువని స్వామి, ఆ ధర్మమును నిర్వర్తించు ఓర్పును ప్రతి యింటికిని ప్రసాదించుగాక!