సంఘములో రోగుల పరిచర్య
పాఠ్యభాగము: రోమా 16:1–2, లూకా 10:30–35

కెంక్రేయ సంఘ పరిచారకురాలగు ఫీబే అనేకులకు సహాయురాలైనదని పౌలు రోమా సంఘమునకు వ్రాసెను. అట్టి పరిచర్యను అమెరికాలో లూథరన్ బోధకుడగు గ్రేంజర్ వెస్ట్‌బర్గ్ గారు 1984 ప్రాంతమున చికాగో దాపున సంఘ నర్సుల ద్వారా ఆరంభించిరి. మన పల్లె సంఘములలోను పని విరమించిన నర్సమ్మ ఒకరుండవచ్చును. స్త్రీల సమాజము నుండి ఇద్దరు ఆమెకు తోడైన చాలును.

సమరయుడు గాయములు కట్టెను. పిమ్మట పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి అప్పగించెను. పని యావత్తు తానే చేయలేదు, అయినను మరల వచ్చెదననెను. మనకు హద్దు అదియే. రక్తపుపోటు చూడవచ్చును, పుండు మానని మధుమేహ రోగిని ఆసుపత్రికి తోడుకొని పోవచ్చును. వైద్యుని చీటి లేక సూది వేయరాదు. ప్రార్థించితిమి గనుక మాత్రలు మానుమనుట మరింత అపాయము.

వేరొక సంగతి గలదు. నా మట్టుకు ఇదియే పెద్దది. ఒక తల్లి తన కుమార్తెకు క్షయ వచ్చినదని నర్సమ్మతో చెప్పుకొనును. అది మందులతో నయమగు వ్యాధియే, ప్రభుత్వాసుపత్రిలో మందు ఉచితముగా దొరకును. అయినను ఆదివారము ప్రార్థన మనవులలో ఆ పిల్ల పేరు వినబడెనా, సాయంకాలమునకు ఊరెల్ల తెలియును, కుదిరిన సంబంధము తప్పిపోవును. ఆ మీదట నర్సమ్మకు ఏ ఇంటివారును తమ బాధ చెప్పుకొనరు. కావున రోగి సమ్మతి లేక ఆ సంగతి పాస్టరుగారికి సైతము చెప్పరాదు. సంఘ పెద్దలు ఈ నియమమును ముందుగా వ్రాసి ఒప్పుకొని, తరువాతనే రక్తపుపోటు యంత్రము కొనవలెను.