అటకెక్కిన ‘మైదానం’

మేడమ్,
మా అమ్మాయికి మొన్ననే పదమూడు నిండాయి. సెలవుల్లో మా మామగారి బీరువాలోంచి చలం ‘మైదానం’ తీసి చదువుతుంటే నేను గమనించలేదు. పప్పుకి పోపు పెడుతున్నాను. వంటింటి గుమ్మంలో నిలబడి, ‘‘అమ్మా, రాజేశ్వరి మొగుణ్ణి వదిలి వెళ్ళిపోవడం తప్పా?’’ అంది. గుండె గుభేలుమంది. పుస్తకం లాక్కుని అటకెక్కించాను. మూడు రోజులుగా నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. మావారేమో ‘‘చదవనీ, చలమేగా’’ అంటారు. అత్తగారు బీరువాకి తాళం వెయ్యమంటున్నారు. ఇలాంటివి ఏ వయసులో ఇవ్వచ్చు?
- ఓ తల్లి, తెనాలి

అమ్మా,
కోపం తెచ్చుకోనంటే ఒక మాట. మీరు ‘మైదానం’ చదివారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. చదవకపోతే ముందు అటక మీంచి దింపండి. చిన్న పుస్తకమే.

సినిమాలకైతే ఇప్పుడు యూఏ 7+, 13+, 16+ అని సర్టిఫికెట్ మీద వేస్తున్నారు. పుస్తకాలకి ఆ ముద్ర లేదు. ఉన్నా మీ పిల్ల ప్రశ్నని ఆ అంకె కొలవలేదు. చూశారా, తను అడిగింది తప్పొప్పుల గురించి! చాటుగా చదివి ముడుచుకుపోయి ఉంటే నేనూ కంగారు పడేదాన్ని. తను గుమ్మం దాకా వచ్చింది.

అలాగని మీవారి మాటా నాకు నచ్చలేదు. 1927 నాటి ఆ నవలలో రాజేశ్వరి గడప దాటడం గురించి నాకు బెంగ లేదు. చివర్లో ఆమె ప్రియుడు అమీర్ చావే నా బెంగ. ప్రేమంటే ప్రాణం తీసుకోవడమే అని నమ్మేసే వయసు అది. నేనైతే పదహారు దాకా ఆగేదాన్ని. కానీ మొదలెట్టేసిందిగా! లాగేసుకున్న కథకి పిల్లలు మిగతాది సొంతంగా అల్లుకుంటారు, అది చలం రాసినదానికంటే ఘాటుగా ఉంటుంది. మీరు చదివాక పక్కన కూర్చోబెట్టుకుని ముగింపు మీరే చెప్పండి.

ఈలోగా ‘కన్యాశుల్కం’ చేతిలో పెట్టండి. అందులోనూ వేశ్య ఉంది, డబ్బుకి కూతురి పెళ్ళి చేసే తండ్రి ఉన్నాడు. పడీపడీ నవ్వుతుంది, ఆ కూతురు సుబ్బి దగ్గర మాత్రం ఆగుతుంది. అయినా ద్రౌపదిని సభకి ఈడ్చుకొచ్చిన కథ గోరుముద్దలతో పాటే చెప్పేస్తాం మనం, అప్పుడు వయసు గుర్తురాదు!

తాళం వద్దు. ఇవాళ రాత్రి మీరే వెళ్ళి, ‘‘ఆ రోజు అడిగావే, నువ్వేమనుకుంటున్నావ్?’’ అనండి. జవాబు తెలియకపోతే తెలీదనే చెప్పండి.