‘బేగున్’ అంటేనే వంకాయ దొరుకుతుంది

ప్రేమ్ బజార్‌లో కూరగాయల బండి దగ్గర ‘వంకాయలున్నాయా?’ అని అడిగి చూడండి. ఖరగ్‌పూర్‌లో రైల్వే పుణ్యమా అని తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు కాబట్టి ఒక్కోసారి పని జరుగుతుంది. లేదంటే ‘బేగున్’ అనాల్సిందే. మీలో కొందరు నిరుడు వేరే ఊళ్లో ‘బైంగన్’ అని అడిగినవాళ్లే. కాయ అదే, ఊరు మారితే పేరు మారింది. బదిలీల ఇళ్ల పిల్లలకు ఇది ఒకరు చెప్పాలా!

ఈ తెలివి సాఫ్ట్‌వేర్‌లో వెతకడానికీ పనికొస్తుంది. ప్రోగ్రామ్‌ను నడిపించే అసలు రాతను సోర్స్ కోడ్ అంటారు. ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని ఆ రాతను బయటపెడితే అది ఓపెన్ సోర్స్. లినక్స్, లిబ్రేఆఫీస్ అటువంటివి. చదవవచ్చు, సరే. కాని లినక్స్ కెర్నల్ ఒక్కదానిలోనే మూడు కోట్లకు పైగా వరుసలున్నాయి. ఎక్కడని చదువుతాం? వెతుక్కోవాలి.

దీనికి పాత పనిముట్టు ‘గ్రెప్’. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాశాడు. మాట ఇస్తే ఫైలు మొదటి నుంచి చివరిదాకా చూసి, ఆ మాట ఉన్న వరుసలు చూపిస్తుంది. ఒక ప్రాజెక్టుకు చాలు. వేల ప్రాజెక్టులను ఒకేసారి వెతకాలంటే, పుస్తకం చివర పదసూచిక ఉన్నట్టు, ముందుగానే సూచిక తయారుచేసి పెట్టుకోవాలి. 2012లో మొదలైన డెబియన్ కోడ్ సెర్చ్ మాటలను మూడేసి అక్షరాల ముక్కలు చేసి సూచిక కట్టింది. ‘అన్‌లింక్’ ఇంగ్లీషు స్పెల్లింగులో యు-ఎన్-ఎల్, ఎన్-ఎల్-ఐ, ఎల్-ఐ-ఎన్, ఐ-ఎన్-కె అని నాలుగు ముక్కలు. నాలుగూ ఉన్న ఫైళ్లనే తెరిచి చూస్తే సరిపోతుంది.

అన్‌లింక్ మాటే ఎందుకు తీసుకున్నానంటే, అదే మన బేగున్. ఫైలును చెరిపే చోటు ఎక్కడుందో చూడాలనుకున్నారు. ‘డిలీట్’ అని వెతుకుతారు. లినక్స్‌లో ఆ పని చేసే పిలుపు పేరు ‘అన్‌లింక్’. పైథాన్‌లో ‘రిమూవ్’ అన్నా ‘అన్‌లింక్’ అన్నా ఒకటే. గిట్‌లో ‘ఆర్ఎమ్’. లినక్స్ పేరుకు కారణం ఉంది: ఒకే ఫైలుకు రెండు మూడు పేర్లు ఉండవచ్చు. అన్‌లింక్ ఒక పేరును మాత్రమే తెంచుతుంది. ఆఖరి పేరు కూడా పోయి, ఆ ఫైలును ఎవరూ వాడకుండా ఉన్నప్పుడే లోపలి సరుకు పోతుంది. ఇది తెలిసినవాడు ఇంక ‘డిలీట్’ అని వెతకడు.

మరి ఆ ఊరి పేరు ఎవరు చెప్తారు? డాక్యుమెంటేషన్. అది మామూలు మాటల్లో రాసి ఉంటుంది కాబట్టి మీకు తోచిన మాటతో ముందు అక్కడ వెతకండి. అక్కడ దొరికిన పేరుతో కోడ్‌లోకి వెళ్లండి. ఏ వెర్షన్‌కు రాసిందో కూడా చూడండి. కోడ్ మారినా డాక్యుమెంటేషన్ పాతదే ఉండిపోవడం మామూలే. రెండూ పొసగకపోతే, ప్రోగ్రామ్ నడిచేది కోడ్ ప్రకారమే.

ఇప్పుడు తెలుగు మాస్టారి స్వార్థం. ఈ సాఫ్ట్‌వేర్లలో మన తెలుగు ఎక్కడుంది? తెలుగుకు అంతర్జాతీయ సంకేతం టీ-ఈ అనే రెండక్షరాలు. ఊరికే అవే వెతికితే కొంప మునిగినట్టే: డిలీట్, రైట్, అప్‌డేట్, అన్నింటి స్పెల్లింగుకూ చివర ఆ రెండే! గ్నోమ్ ప్రోగ్రాముల్లో ‘టీఈ డాట్ పీఓ’ అనే ఫైలు పేరుతో వెతకాలి. లిబ్రేఆఫీస్ అనువాదాల్లో ‘టీఈ’ అనే ఫోల్డర్ కోసం చూడాలి. ఇక్కడా ఊరుకో పద్ధతి.

ఆ ఫైలు తెరిస్తే ఇంగ్లీషు వాక్యం, దాని కింద తెలుగు వాక్యం, అలా వరసగా ఉంటాయి. కొన్నిచోట్ల తెలుగు ఉండాల్సిన కోట్స్ మధ్య ఖాళీ. అక్కడ తెరమీద ఇంగ్లీషే కనిపిస్తుంది. కొన్నింటి మీద ‘ఫజీ’ అని గుర్తు. అంటే అనువాదం అనుమానంగా ఉంది, ఎవరైనా సరిచూడాలి అని. అంతవరకూ ఆ తెలుగు మాట సాధారణంగా తెరమీదికి రాదు. ఆ ఎవరైనా ఇంట్లో తెలుగు మాట్లాడే తొమ్మిదో తరగతి పిల్ల కూడా కావచ్చు. మన పక్కనే ఐఐటీలో విద్యార్థులు నడిపే ఖరగ్‌పూర్ ఓపెన్ సోర్స్ సొసైటీ కొత్తవాళ్ల కోసం వింటర్ ఆఫ్ కోడ్ జరుపుతుంది. దారి అడగడానికి దూరం పోనక్కర్లేదు.

చేసి చూడండి: కంప్యూటర్ ల్యాబులో లిబ్రేఆఫీస్ మెనూలను తెలుగులోకి మార్చండి. మీకు అర్థంకాని, లేదా మీ అమ్మమ్మ నవ్వే తెలుగు మాట ఒకటి పట్టుకోండి. దాన్ని ఉన్నదున్నట్టు అనువాద ఫైళ్లలో వెతికి, పైనున్న ఇంగ్లీషు వాక్యంతో పాటు రాసుకుని రండి. మీరైతే ఏ మాట పెడతారో కింద రాయండి.