ఒకే వంట, ఎవరి కొలత వారిది

సమస్య

నా వయసు 71. తెనాలిలో హైస్కూలు టీచరుగా చేసి రిటైరయ్యాను. రెండేళ్లుగా నేపర్‌విల్‌లో అమ్మాయి దగ్గరే ఉంటున్నాను. ఇక్కడ దేనికీ లోటు లేదు. రూట్ 59 మీదకు వెళితే గోంగూర నుంచి ములక్కాడ దాకా అన్నీ దొరుకుతాయి. అరోరా బాలాజీ గుడికి తీసుకెళ్తుంటారు. అల్లుడు కొడుకులా చూసుకుంటాడు. ఇంత మంచి ఇంట్లో ఉండి ఇలాంటి ఉత్తరం రాయాలంటే మొహమాటంగా ఉంది.

గొడవంతా తిండి దగ్గరే. అమ్మాయికి 46. కిందటేడు రక్తపరీక్షలో షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. అప్పటి నుంచి ఇంట్లో అన్నం వండటం దాదాపు మానేశారు. రాత్రి ఏడు దాటాక ఎవరూ ఏమీ తినకూడదు, మళ్లీ మర్నాడు పదకొండుకే తిండి. తను బరువు తగ్గింది, రిపోర్టులు బాగా వచ్చాయి. నాకూ సంతోషమే. కానీ అదే పద్ధతి నాకూ పెట్టింది. “నీకు షుగరే ఉంది కదమ్మా, నాకంటే నీకే ఎక్కువ అవసరం” అంటుంది.

నేను పన్నెండేళ్లుగా మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నాను. బీపీ మాత్ర కూడా ఉంది. పొద్దున్నే ఏడింటికి చక్కెర లేని కాఫీతో మాత్రలు వేసుకుంటాను. పదయ్యేసరికి చేతులు వణుకుతాయి, ఒళ్లంతా చెమట పడుతుంది. దేవుడి దగ్గర పెట్టిన ఖర్జూరాలు రెండు నోట్లో వేసుకుంటే సర్దుకుంటుంది. అమ్మాయికి చెప్పలేదు. తీపి తింటున్నానని కోప్పడుతుందని భయం. ఆరు నెలల్లో 128 పౌండ్ల నుంచి 119కి వచ్చాను. తను మెచ్చుకుంది. నాకేమో నేల మీద కూర్చుంటే ఏదైనా పట్టుకుంటే తప్ప లేవలేకపోతున్నాను.

మా కాలంలో ఆడవాళ్లం అందరికీ పెట్టి, మిగిలింది తినేవాళ్లం. నలభై ఏళ్లప్పుడు నా ఒంట్లో ఎలా ఉందని ఎవరూ అడగలేదు, నేనూ పట్టించుకోలేదు. ఇప్పుడు తీరిక దొరికి, వేడన్నంలో ఇంత ఆవకాయ, నెయ్యి కలుపుకుని తిందామంటే దొంగతనం చేస్తున్నట్టుంది. తల్లిని చూసి మనవరాలు కూడా పొద్దున తినడం మానేసింది. దానికి పదహారేళ్లు, పుల్లలా ఉంటుంది, అయినా లావైపోతున్నానంటుంది.

మా ఆయన 57వ ఏట గుండెపోటుతో పోయారు. అప్పటికి అమ్మాయి అమెరికాలో ఉంది, ఆఖరి చూపు దక్కలేదు. అందుకే దాన్ని గట్టిగా ఏమీ అనలేను. డాక్టరు దగ్గర కూడా నా తరఫున అదే మాట్లాడుతుంది, వాళ్ల ఇంగ్లీషు నాకు అందదు. ఈ వయసులో నాకీ డైట్ అవసరమా? అమ్మాయి మాట వినాలా? లేక తెనాలి వెళ్లిపోయి నా తిండి నేను తినడం మంచిదా?

— ఒక అమ్మ, నేపర్‌విల్, ఇల్లినాయ్

సలహా

అమ్మా, మీరు ఉత్తరం మధ్యలో చెప్పి వదిలేసిన సంగతి ముందు తేల్చుకుందాం. పొద్దున పదింటికి చేతులు వణకడం, చెమట పట్టడం, తీపి తినగానే సర్దుకోవడం రక్తంలో చక్కెర పడిపోతోందనడానికి గుర్తులు కావచ్చు. గ్లిమెపిరైడ్ క్లోమగ్రంథి చేత ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయిస్తుంది. మీరు తిన్నా, తినకపోయినా అది తన పని తాను చేస్తుంది. అందుకే దాన్ని టిఫిన్‌తో కలిపి వేసుకోమంటారు. మీరేమో ఏడింటికి మాత్ర వేసుకుని పదకొండు దాకా ఖాళీ కడుపుతో ఉంటున్నారు. పెద్ద వయసులో చక్కెర పడిపోతే కళ్లు తిరిగి పడిపోవచ్చు, తుంటి ఎముక విరగవచ్చు, స్పృహ తప్పవచ్చు.

అందుకని ఈ ఉత్తరం చదివిన రోజే డాక్టరు ఆఫీసుకు ఫోను చేయించండి. గ్లిమెపిరైడ్ వేసుకుంటూ పదహారు గంటలు తినకుండా ఉంటున్నానని, వణుకు వస్తోందని, బరువు తగ్గానని ఉన్నదున్నట్టు చెప్పండి. ఈలోగా మాత్రలు మీ అంతట మీరు మానకండి, పొద్దున టిఫిన్ కూడా మానవద్దు. మళ్లీ వణుకు వస్తే వేలు గుచ్చి చూసుకోండి. 70 కంటే తక్కువుంటే అర కప్పు పళ్లరసం తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. పరీక్ష చేసుకునే మిషను చేతికందకపోతే ముందు రసం తాగేయండి. ఖర్జూరాలకంటే రసం త్వరగా పనిచేస్తుంది. ఆ ఖర్జూరాలు మీకు ఆసరా అయ్యాయే గాని, వాటి విషయంలో మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

డాక్టరు దగ్గర తెలుగు దుబాసీ కావాలని అడగండి. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు, క్లినిక్కులు ఈ దేశంలో ఆ సాయం ఉచితంగా ఇవ్వాలి. చాలాచోట్ల ఫోనులోనే మాట్లాడిస్తారు. అమ్మాయి పక్కన ఉండవచ్చు, కానీ మీ ఒంటి సంగతి మీ నోటితోనే చెప్పాలి.

ఇక డైట్ సంగతి. మీకు జాగ్రత్త అవసరమే. అయితే మీ అమ్మాయికి నప్పిన జాగ్రత్త మీకు నప్పదు. ఆమె వయసులో ఉన్నవారికి సాధారణంగా తగ్గించుకోవాల్సినవి ఉంటాయి. మీ వయసులో నిలబెట్టుకోవాల్సినవి ఉంటాయి: కండ, ఎముక, ఆకలి. ప్రయత్నం చేయకుండానే ఆరు నెలల నుంచి ఏడాదిలోపు బరువులో 5 శాతం పోతే డాక్టర్లు కారణం వెతుకుతారు. మీకు ఆరు నెలల్లో 7 శాతం పోయింది. తిండి తగ్గింది కాబట్టే అనుకోవచ్చు, అయినా డాక్టరు చెవిన వేయాల్సిందే. డెబ్బై దాటాక తగ్గిన బరువులో కండ కూడా పోతుంది, అది తిరిగి రావడం కష్టం. నేల మీద నుంచి లేవలేకపోవడానికి కారణం అదే కావచ్చు.

షుగర్ లక్ష్యం కూడా వయసుతో మారుతుంది. మూడు నెలల సగటు చెప్పే ఏ1సీ పరీక్షలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి 7 నుంచి 7.5 లోపు ఉంటే చాలంటుంది అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్. వేరే జబ్బులు ఎక్కువగా ఉన్నవారికి 8 లోపైనా ఫరవాలేదంటుంది. పెద్ద వయసులో చక్కెర కాస్త ఎక్కువుండటం కంటే పడిపోవడమే పెద్ద ప్రమాదమని ఆ సడలింపు. మీ అంకె ఎంతుండాలో డాక్టరునే అడగండి.

అమ్మాయి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఆమె భయానికి కారణం ఉంది. మన దక్షిణాసియా వాళ్లకు షుగరు, గుండెజబ్బు చిన్న వయసులోనే, తక్కువ బరువులోనే వస్తాయి. అందుకే ఆసియా సంతతి వారికి, ఎత్తును బట్టి బరువును లెక్కించే బీఎంఐ 25 దాకా ఆగకుండా 23 దగ్గరే షుగర్ పరీక్ష చేయాలని 2015లో సిఫారసు మార్చారు. 2018 నాటి కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో దక్షిణాసియా మూలాన్నే ఒక అదనపు ముప్పుగా రాశారు. అమెరికాలోని మనవాళ్ల గుండె మీద 2010లో మొదలైన పరిశోధన పేరు ‘మసాలా’. దానికి మీ పక్కనే ఉన్న షికాగోలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ఒక కేంద్రం. తండ్రిని 57 ఏళ్లకే పోగొట్టుకున్న కూతురు తన రిపోర్టు చూసి బెదిరిపోవడం సహజం. ఆమె పట్టుదల దండగ కాలేదు కూడా. షుగర్ బోర్డర్‌లో ఉన్నవాళ్లు కొంత బరువు తగ్గి, వారానికి 150 నిమిషాలు నడిస్తే జబ్బు వచ్చే అవకాశం 58 శాతం తగ్గిందని 2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన తేల్చింది. అందులో 60 దాటినవారికి 71 శాతం తగ్గింది. వయసు మళ్లాక జాగ్రత్తలెందుకు అనుకునేవాళ్లు ఈ రెండో అంకె గుర్తుంచుకోవాలి.

మీ తరంలో ఒంటిని పట్టించుకునే ఆడదాన్ని స్వార్థపరురాలన్నారు. ఉపవాసమున్నా అది దేవుడి కోసం, భర్త కోసం, పిల్లల కోసం. మీ అమ్మాయి తరం పట్టించుకోవడం నేర్చుకుంది. కానీ అది భయంలోంచి నేర్చుకున్న పాఠం కాబట్టి, దొరికిన పద్ధతిని ఇంటిల్లిపాదికీ వర్తింపజేస్తుంది. మంతెన సత్యనారాయణ రాజు గారి ఉప్పులేని వంట, వీరమాచినేని రామకృష్ణ గారి డైట్, ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు ఒకదాని వెనక ఒకటి మన ఇళ్లలోకి వచ్చాయి. ఏ పద్ధతికి మారాలన్నా ముందు అడగాల్సినవి రెండే: వయసెంత, వేసుకునే మందులేమిటి?

మీరుంటున్న ఊరే ఈ విషయంలో మంచి దారి చూపించింది. నేపర్‌విల్ బడుల్లో 1990ల నుంచి వ్యాయామ తరగతిని కొత్తరకంగా నడిపారు. పిల్లలకు గుండె వేగం కొలిచే పరికరాలు కట్టి, ఎంత వేగంగా పరిగెత్తారని కాకుండా, వాళ్ల గుండె ఎంత శ్రమపడిందన్న దాన్ని బట్టి మార్కులిచ్చారు. నెమ్మదిగా పరిగెత్తే పిల్ల కూడా తన శక్తి మేరకు శ్రమిస్తే పూర్తి మార్కులు తెచ్చుకోగలిగింది. జాన్ రేటీ అనే వైద్యుడు 2008లో వచ్చిన తన ‘స్పార్క్’ పుస్తకంలో ఈ ఊరి గురించి వివరంగా రాశాడు. మీ భోజనాల బల్ల దగ్గరా ఇదే న్యాయం నడవాలి. వంట ఒకటే ఉండొచ్చు, కొలత మాత్రం ఎవరి ఒంటిని బట్టి వారిది.

మీ పళ్లెం ఎలా ఉండాలంటే: పెద్ద వయసులో కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు నిపుణులు. మీ 119 పౌండ్లంటే 54 కిలోలు, కాబట్టి 54 నుంచి 65 గ్రాములు. కిడ్నీలు బాగున్నాయో లేదో డాక్టరును అడిగాకే ఈ లెక్క పాటించండి. ఇందుకు పౌడర్లు కొనక్కర్లేదు. పొద్దున గుప్పెడు పెసలతో రెండు పెసరట్లు, ఒక గ్లాసు పాలు కలిపితే 20 గ్రాముల దాకా వస్తాయి. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, గట్టి పప్పు, కూర, కప్పు పెరుగుతో మరో 20. సాయంత్రం శనగ గుగ్గిళ్లు, రాత్రి రెండు పుల్కాల్లోకి కాస్త పనీర్ కూర వండుకుంటే లెక్క సరిపోతుంది. అన్నం తినవచ్చు, అయితే ముందు కూర, పప్పు తిని, తర్వాత అన్నం కొలిచి వడ్డించుకోండి. చెంచా నెయ్యితో నష్టం లేదు. బీపీ ఉంది కాబట్టి ఆవకాయ రోజూ వద్దు, వేసుకున్న రోజు చిన్న ముక్కతో సరిపెట్టుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు, శాకాహారులకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. బి12, విటమిన్ డి పరీక్షలు చేయించమని అడగండి.

తిండి ఒక్కటే కండను నిలబెట్టదు. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల ఆశ్రమంలో సగటు వయసు 90 ఉన్నవారికి ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తే వ్యాయామం చేయిస్తే, వారి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. మీకింకా 71. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద పెట్టుకుని లేచి కూర్చోండి. పక్కన ఎవరైనా ఉండాలి. అర నిమిషంలో మీ వయసు ఆడవాళ్లు కనీసం 10 సార్లు లేవగలగాలి. ఇప్పుడు నాలుగే లేవగలిగితే నాలుగుతోనే మొదలుపెట్టండి. ఎండాకాలంలో నడవడానికి మీ ఊరి రివర్‌వాక్ ఉంది. మంచు పడే నెలల్లో పార్క్ డిస్ట్రిక్ట్ వారి ఫోర్ట్ హిల్ కేంద్రంలో లోపలే నడిచే ట్రాక్ ఉంది. అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి, ఈ పనిలో ఇద్దరి అవసరం ఒకటే.

మనవరాలి విషయం వాయిదా వేయకండి. ఆడపిల్లల ఎముకల గట్టితనంలో 90 శాతం దాకా 18 ఏళ్లలోపే ఏర్పడుతుంది. ఆ వయసులో రోజుకు 1300 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ఇంట్లో ఎవరి ఒంటి గురించీ ఆ పిల్ల ఎదుట మాట్లాడకండి. లావన్న మాటే కాదు, పుల్లలా ఉందన్న మాటా వద్దు. నెలసరి తప్పుతున్నా, తిండి దాస్తున్నా, అందరితో కూర్చుని తినడానికి తప్పించుకుంటున్నా పిల్లల డాక్టరుకు చూపించాలి. పొద్దున మీరు తినేటప్పుడు పెసరట్టు ఒకటి దానికీ వేసి పిలవండి. అమ్మమ్మ తోడు కూర్చుంటే బోధన లేకుండానే పిల్లలు తింటారు.

అమ్మాయితో ఎలా చెప్పాలంటే, సెలవు రోజున, భోజనం వేళ కాకుండా కూర్చోబెట్టుకోండి. “నాన్న పోయినప్పుడు నువ్వు దూరాన ఉన్నావు. నన్నైనా కాపాడుకోవాలని నీ ఆరాటం. నాకు తెలుసు. కానీ తల్లీ, పొద్దున నాకు చేతులు వణుకుతున్నాయి. నీ దగ్గర దాచాను, ఇక దాచను. డాక్టరు దగ్గరకు ఇద్దరం వెళ్దాం, నేను మాట్లాడతాను, నువ్వు విను” అనండి. ఆ తర్వాత రోజుకొక పూట వంట మీకు అప్పగించమని అడగండి. పెట్టింది తినడం వేరు, తనకు కావలసింది తాను వండుకోవడం వేరు.

తెనాలి ఎప్పుడు వెళ్లాలనిపిస్తే అప్పుడు వెళ్లండి, అది మీ ఊరు. అలిగి మాత్రం వెళ్లకండి, ఒక కప్పు అన్నం కోసం వెళ్లకండి. ఆ అన్నం మీకు ఈ ఇంట్లోనే దక్కాలి, అడిగి కలుపుకుని బల్ల దగ్గర అందరి మధ్యా తినాలి. నలభై ఏళ్లప్పుడు మీ ఆరోగ్యం గురించి ఎవరూ అడగలేదన్నారు. ఇప్పుడు అడగడానికి కూతురుంది. ఆమె అడిగినప్పుడు నిజం చెప్పడమే ఈ వయసులో మీరు మీకు చేసుకోవాల్సిన మొదటి సేవ.